టెంటు కింద ఆనపకాయ

ఆ ఆదివారం ఉదయం త్రినాథరావు పెట్టుకున్న కార్యక్రమం పెద్దదేమీ కాదు. జుట్టుకు రంగు వేసుకోవాలి, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి, ఇస్నాపూర్ నుంచి అమీన్‌పూర్ వెళ్లి బావమరిది ఇంట్లో ఉన్న భార్యను బతిమాలి వెనక్కి తెచ్చుకోవాలి. మొదటి రెండూ తేలికేననుకున్నాడు. మూడోదానికే ధైర్యం చాలడం లేదు.

ఆమె వెళ్లిపోయింది బుధవారం నాడు. కారణం ఆనపకాయ. త్రినాథరావు పుట్టిన గోదావరి జిల్లాలో దాన్ని ఆనపకాయ అంటారు, ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి స్థిరపడిన ఈ పటాన్‌చెరు పక్కన సొరకాయ అంటారు. ఏ పేరుతో పిలిచినా ఆయనకు గిట్టదు. చప్పటి నీళ్లకు తొక్క తొడిగి కాయ అంటున్నారని ఆయన అభిప్రాయం. భార్య వెంకటరమణమ్మకేమో అదంటే ప్రాణం. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆమె వారానికోసారి వండుతుంది, ఆయన వారానికోసారి మొహం మాడుస్తాడు. ఆ బుధవారం ఫ్యాక్టరీలో పై అధికారి చేత తిట్లు తిని వచ్చిన మనిషి, అన్నం మీద ఆనపకాయ పులుసు చూసేసరికి కంచం అవతలికి నెట్టేశాడు.

"ఇన్నేళ్లూ నీ చేతి వంట తిని ఎలా బతికానో నాకే తెలీదు" అన్నాడు.

వెంకటరమణమ్మ ఏడవలేదు, అరవలేదు. పొయ్యి కట్టేసింది, గిన్నెలు కడిగి బోర్లించింది, సంచీలో నాలుగు చీరలు సర్దుకుంది. "ఇకనుంచి హాయిగా బతకండి" అని గడప దాటింది. అప్పట్నుంచీ ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. ఆయన బన్నూ టీతో కాలక్షేపం చేస్తున్నాడు. ఉండేదే ఇద్దరు కావడంతో, ఆమె లేని ఇంట్లో తన దగ్గు తనకే పరాయిగా వినిపిస్తోంది.

ఇన్నేళ్లూ ఆయన జుట్టుకు రంగు వేసింది కూడా ఆమే. కాబట్టి దేనిలో ఏది ఎంత కలపాలో ఆయనకు తెలియదు. ఎక్కువ కలిపితే ఎక్కువ నల్లబడుతుందని ఉన్న పాకెట్లన్నీ ఒకేసారి కలిపి, తలకూ మీసానికీ దట్టంగా పట్టించి కూర్చున్నాడు. కాసేపటికి నెత్తి మీద మిరపకాయలు నూరినట్టు మంట మొదలైంది. కడుక్కుని అద్దంలో చూసుకుంటే జుట్టు కొంత నల్లగా, కొంత ఇటుక రంగులో ఉంది. మీసం పూర్తిగా ఇటుకే. నుదురు మాత్రం చక్కగా నల్లబడింది.

ఆ అవతారంతో బావమరిది గుమ్మంలో నిలబడటం కన్నా బోడిగుండు నయమనిపించింది. తలకు తువ్వాలు చుట్టుకుని, తెలిసినవాళ్లెవరూ ఉండని ముత్తంగి దాకా వెళ్లి, ఒక బీహార్ మంగలి ముందు కూర్చున్నాడు. అతను తలా మీసమూ నున్నగా గీసి పంపించాడు.

ఇంటికొచ్చినా మంట తగ్గలేదు. పెరట్లో కొళాయి దగ్గర పంచెతో కూర్చుని నెత్తిన చెంబులతో నీళ్లు కుమ్మరించుకుంటుంటే, పిట్టగోడ అవతలి నుంచి పక్కింటి వజీరా చూసింది. వజీరా భర్త షంషేర్‌కు టెంట్ హౌస్ ఉంది. పెళ్లికైనా చావుకైనా ఆ చుట్టుపక్కల శామియానా, కుర్చీలు అతనివే. రెండు కుటుంబాలూ ఏళ్ల తరబడి ఆ గోడ మీదుగా గిన్నెలు మార్చుకుంటున్నాయి.

వజీరాకు కనిపించింది గుండు, మీసం లేని మొహం, తడిపంచె, ఎర్రబడ్డ కళ్లు. పైగా బుధవారం నుంచి ఆ ఇంట్లో కుక్కర్ కూత లేదు, వెంకటరమణమ్మ జాడ లేదు.

"అన్నా... వదినమ్మ ఏది?"

పెళ్లాం అలిగి వెళ్లిపోయిందని పక్కింటి ఆడమనిషితో చెప్పుకోవడానికి త్రినాథరావుకు నోరు రాలేదు. తల దించుకుని ఇంకో చెంబు పోసుకున్నాడు.

"యా అల్లా!" వజీరా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పరుగెత్తింది. "ఏమండీ, వదినమ్మ పాణం పోయింది! దవాఖాన్ల ఉండెనేమో, మనకు జెప్పకనే అంతా అయిపోయినట్టుంది" అని భర్తతో చెప్పి ఏడ్చింది.

త్రినాథరావు తల తుడుచుకుని ఇంట్లో కూలబడ్డాక, కాసేపటికి వజీరా క్యారేజీ పట్టుకుని వచ్చింది.

"అన్నా, మూడు దినాలు నువ్వు పొయ్యి ముట్టియ్యకు. మావోళ్లల్ల గిట్లనే చేస్తరు, ఇరుగు పొరుగోళ్లే పెడ్తరు. బగార అన్నం, దాల్చా తెచ్చిన. గోష్ ఎయ్యలే. ఇసొంటప్పుడు మీకు పట్టింపు ఉంటది గద."

ఆదివారం పూట మాంసానికి పట్టింపేమిటో ఆయనకు బోధపడలేదు. బుధవారం నాటి గొడవ గోడ అవతలికి వినిపించే ఉంటుంది, పెళ్లాం వదిలేసిన మగాడని జాలిపడుతోంది అనుకుని సిగ్గుతో ముడుచుకుపోయాడు.

"ఎందుకమ్మా శ్రమ? తప్పంతా నాదే" అన్నాడు.

"గట్లనకు అన్నా. మన చేతుల ఏమున్నది?" అని వజీరా కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

క్యారేజీ విప్పితే శెనగపప్పు, చింతపండు కలిసి ఉడికిన ఘుమఘుమ. గరిటె తిప్పితే పైకి తేలింది ఆనపకాయ ముక్క. కొందరిని విధి ఇంటికొచ్చి మరీ వెక్కిరిస్తుంది. ముక్కలన్నీ ఏరి కంచం అంచున పెట్టి, పప్పు కలుపుకుని ఆబగా నాలుగు ముద్దలు తిన్నాడు.

చేయి కడుక్కుంటుంటే వీధిలో ఇనప గొట్టాల చప్పుడైంది. కిటికీలోంచి చూస్తే షంషేర్ మనుషులు టెంటు వేస్తున్నారు. సందు ఇరుకు, ఎవరింటి కోసం వేసినా ఆ టెంటు నాలుగిళ్ల ముందు పడుతుంది. కుర్చీల్లో జనం మాటాపలుకూ లేకుండా కూర్చున్నారు. పాపం, ఎవరో పోయారనుకున్నాడు త్రినాథరావు. సందులో చావు పెట్టుకుని తను చొక్కా మడతలు సరిచేసుకుని బయలుదేరితే ఏం బాగుంటుంది? అమీన్‌పూర్ ప్రయాణం సాయంత్రానికి వాయిదా వేసుకుని, వెళ్లి ఓ కుర్చీలో కూర్చున్నాడు.

ఫ్యాక్టరీలో ఆయన కింద పనిచేసే ఐలన్న వచ్చి చేతులు పట్టుకున్నాడు.

"ధైర్యంగ ఉండాలె సార్."

"నాదేముంది ఐలన్నా. ఆ ఇంటివాళ్లు ఉండాలిగానీ."

ఐలన్న వెళ్లి షంషేర్ పక్కన కూర్చున్నాడు. ఇంతలో మూలమీద కూరగాయలమ్మే సత్తెమ్మ వస్తూనే శోకం అందుకుంది. "బంగారమసొంటి మనిషి! గీసి గీసి బేరమాడేది, అయినా ఒక్క మాట అనకపోయేది!" త్రినాథరావుకు కూడా కళ్లు చెమర్చాయి. ఇంత మంచి మనిషి ఎవరో తెలుసుకోకపోతే మర్యాద కాదనిపించి, షంషేర్ చెవి దగ్గరకు వంగాడు.

"ఏమీ అనుకోకు భాయ్. పొద్దున్నుంచీ నా గొడవలో నేనున్నాను. ఇంతకీ చనిపోయింది ఎవరు?"

షంషేర్ ఐలన్న వైపు చూశాడు. "పరేషాన్ల దిమాగ్ పనిజేస్తలేదు సాబ్‌కు" అని గొణిగి, ఆయన్ను గట్టిగా కౌగిలించుకున్నాడు. "రావుసాబ్, మనసు రాయి జేస్కోవాలె. మన ఎంకటరమణమ్మ వదిన ఇగ లేదు."

ఆ కబురు తన పెరట్లోంచే బయలుదేరిందని త్రినాథరావుకేం తెలుసు? కళ్ల ముందు టెంటు ఉంది, సందంతా ఏడుస్తోంది. అమీన్‌పూర్ నుంచి ఊరందరికీ కబురొచ్చిందన్నమాట, తనకు తప్ప. తనకు చెప్పాలని వాళ్లకెందుకు అనిపిస్తుంది, అంత మాట అన్నవాడికి? ఆమెకు ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. బావమరిదికి చేశాడు. అదీ అంతే. కుర్చీలోంచి కిందికి జారి మట్టిలో కూర్చుండిపోయాడు.

"నేనే చంపుకున్నానయ్యా! నోటి దురుసుతో చేతులారా చంపుకున్నాను!" అని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమెను తీసుకురావడానికి ఇన్ని రోజులు ఎందుకు ఆగానా అని తల కొట్టుకున్నాడు. గురువారమే వెళ్లి కాళ్లు పట్టుకుని ఉంటే ఏం పోయేది?

వజీరా మళ్లీ కంచం తెచ్చింది. "రెండు బుక్కలు తిను అన్నా, పడిపోతవ్. ముక్కలు తీసేసిన. నీకు కద్దూ పడదని వదినమ్మ ఎప్పుడూ చెప్పేది" అంటూ తనూ ఏడ్చింది.

"తీసెయ్యకమ్మా. వెయ్యి."

మొదటి ముక్క శిక్ష అనుకుని నోట్లో పెట్టుకున్నాడు. పులుపంతా పీల్చుకున్న ముక్క నాలుక మీద మెత్తగా విచ్చుకుని, చివర్లో చిన్న తీపి వదిలింది. రెండోది తిన్నాడు. పులుసులో చిటికెడు బెల్లం వేసి వెంకటరమణమ్మ చేసేది కూడా ఇలాగే ఉండేదేమో. ఏనాడైనా సరిగ్గా నమిలి ఉంటేగా తెలియడానికి! కన్నీళ్లు కంచంలో పడుతుంటే కలుపుకుని తిన్నాడు. "ఇంకొంచెం వెయ్యమ్మా" అన్నాడు. కాసేపాగి మళ్లీ అన్నాడు. సందులోవాళ్లు చూడలేక మొహాలు తిప్పుకున్నారు.

ఆయన ఫోన్లు చేయకముందే ఆ దారిన పోతున్న బావమరిది స్నేహితుడొకడు, త్రినాథరావు ఇంటి ముందు టెంటు వేశారు, జనం ఏడుస్తున్నారు అని అమీన్‌పూర్‌కు ఫోన్ చేశాడు. ఆ ఇంట్లో ఉండేది ఇద్దరు. తను బతికే ఉంది కాబట్టి పోయింది ఎవరో వెంకటరమణమ్మకు వేరే చెప్పనక్కర్లేకపోయింది. అక్కాతమ్ముళ్లిద్దరూ ఫోన్లు ఇంట్లోనే మరిచిపోయి, ఉన్నపళంగా కారెక్కారు.

"ఏవండీ! ఒక్క మాటకే వదిలేసి వెళ్లిపోయానండీ! నన్ను ఒంటరిదాన్ని చేసి పోయారా!" అని గుండెలు బాదుకుంటూ ఆమె కారు దిగేసరికి, సత్తెమ్మ కుర్చీతో సహా వెల్లకిలా పడింది. ఐలన్న టెంటు గొట్టం పట్టుకుని నిలదొక్కుకున్నాడు. వజీరా చేతిలోంచి గరిటె జారింది. జనం విడిపోయి దారి ఇచ్చారు. ఆ దారి చివర గుండుతో, ఒళ్లో కంచంతో, బుగ్గలో ముద్దతో త్రినాథరావు కనిపించాడు.

"రమణా... నువ్వు పోలేదా?"

"మీరు పోలేదా?"

ఎంగిలి చేత్తోనే ఆమె చేయి పట్టుకుని ఆయన పసిపిల్లాడిలా ఏడ్చాడు. సందంతా చూస్తోందన్న సిగ్గు లేకుండా, "తప్పైపోయింది, తప్పైపోయింది" అన్నాడు. ఆమె కూడా ఏడుస్తూ ఆయన గుండు నిమిరింది. అప్పుడు ఆమె చూపు కంచం మీద పడింది.

"అదేంటి?"

"దాల్చా."

"అందులో ముక్కలేంటి?"

ఆయన మింగలేక, దాచలేక, "ఆనపకాయ" అన్నాడు.

"ఎన్నోసారి వడ్డించుకోవడం?"

ఆయన కంచం పక్కకు జరిపాడు. అబద్ధం చెప్పడం చేతకాని వజీరా, "మూడోసారి వదినమ్మా" అంది.

వెంకటరమణమ్మ కన్నీళ్లు అక్కడితో ఆగిపోయాయి. "పెళ్లయినప్పట్నుంచీ వండి పెడితే మొహం మాడ్చుకున్నారు. నేను చచ్చిపోయానని తెలిశాక మూడుసార్లు వడ్డించుకుంటారా?"

షంషేర్ టెంటు గొట్టాలు ఊడదీయడం మొదలుపెట్టాడు. ఆమె సంచీ తెప్పించుకుని ఇంట్లోకి నడిచింది, పొయ్యి వెలిగించి బంగాళాదుంపలు వేయించింది.

ఇప్పుడు త్రినాథరావుకు ఆనపకాయంటే నోరూరుతుంది. ప్రతి ఆదివారం సత్తెమ్మ దగ్గర లేతకాయ ఏరుకొచ్చి వంటింటి గట్టు మీద పెడతాడు. వెంకటరమణమ్మ దాన్ని తీసి గోడ మీదుగా వజీరాకు ఇచ్చేస్తుంది. మరీ బతిమాలితే మాత్రం ఒక మాట చెబుతుంది: ఈ ఇంట్లో అది మళ్లీ ఉడకాలంటే, ఈసారి ఎవరో ఒకరు నిజంగానే పోవాలి.