కళ్ళు తెరిచిన ఫొటో

ఉప్పలగుప్తం దగ్గర రొయ్యల చెరువు చేసే ముత్యాలరాజు ఆ రోజు పొద్దున్న వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరున్నరకు భార్య వీరదుర్గ ఫ్లాస్కులో టీ పట్టుకుని అవతలి గట్టు మీదుగా నడిచి వస్తుంది. ఆవిడకు తెలియకుండా ఒక్క ఫొటో తియ్యాలి. తీశాక టీ తాగాలి. అంతే.

మర్నాటికి వాళ్ళ పెళ్ళయి పాతికేళ్ళు. ఈ పాతికేళ్ళలో వీరదుర్గ సరిగ్గా కళ్ళు తెరిచి ఉన్న ఫొటో ఇంట్లో ఒక్కటంటే ఒక్కటి లేదు. కెమెరా ఎదురుగా కనపడితే చాలు, ఆవిడ సూదిమందు వేయించుకునే మనిషిలా ఊపిరి బిగబట్టి కళ్ళు గట్టిగా మూసేసుకుంటుంది. పెళ్ళి ఫొటోలో తాళి కట్టించుకుంటూ మూసుకుంది. కూతురు కీర్తి బారసాల ఫొటోలో పిల్ల కళ్ళు తెరిచింది, తల్లి మూసుకుంది. ఆధార్ కార్డులో మాత్రం తెరిచే ఉన్నాయి గానీ, ఎవరో కర్ర పట్టుకుని తరుముకొస్తున్నట్టు ఉన్నాయి. "మా ఆవిడని నిద్రపోతుంటే తీసినా, లేచాక తీసినా ఒకటేనండి" అని ముత్యాలరాజు నలుగురిలోనూ వెక్కిరిస్తూనే ఉంటాడు.

వెక్కిరింత పైపైకే. లోపలి సంగతి వేరు. పంట మీద ఉన్న నాలుగు నెలలూ ఆయన రాత్రిళ్ళు చెరువు దగ్గర పాకలోనే పడుకోవాలి. ఆ పాక గోడకు మేత కొట్టువాళ్ళు ఇచ్చిన క్యాలెండరు, దాని మీద ఇంత పొడుగు రొయ్య బొమ్మ తప్ప చూసుకోవడానికి మరేమీ లేదు. ఆ క్యాలెండరు పక్కన నవ్వుతున్న వీరదుర్గ ఫొటో ఒకటి తగిలించుకోవాలని ఆయన కోరిక. మీసాలు నెరుస్తున్న వయసులో ఈ మాట పెళ్ళాంతో చెప్పాలంటే సిగ్గు.

అందుకని కూతురికి చెప్పాడు. కీర్తి అమలాపురంలో డిగ్రీ చదువుతోంది, ఫోనుతో ఫొటోలు తియ్యడమంటే ఆ పిల్లకు పిచ్చి. తండ్రి సమస్య విని పెద్ద డాక్టరులా తల పంకించింది. "కెమెరా అమ్మవైపు పెట్టకండి నాన్నగారూ, నీళ్ళవైపు పెట్టండి. నీళ్ళలో పడ్డ నీడని తియ్యండి. అమ్మకి అనుమానమే రాదు" అంది. ఫోను తలకిందులుగా పట్టుకుని, కెమెరా కన్ను నీళ్ళకు జానెడు దూరంలో ఉండేలా చూడమని నేర్పింది. ముత్యాలరాజు వారం రోజులు ఇంట్లోనే సాధన చేశాడు. ఇత్తడి బిందెలో తీస్తే వీరదుర్గ గుమ్మడికాయలా వచ్చింది. బండి అద్దంలో తీస్తే చెవి వచ్చింది. నీళ్ళ పళ్ళెంలో తీస్తే తన ముక్కే వచ్చింది. ఇక చెరువే దిక్కనుకున్నాడు.

చెరువుతో ఒకటే చిక్కు. రొయ్యలకు గాలి అందాలని నీళ్ళు చిమ్ముతూ ఏరేటర్ల చక్రాలు తిరుగుతూనే ఉంటాయి. అవి తిరిగినంతసేపూ నీళ్ళలో నీడ నిలవదు. ఐదు నిమిషాలు ఆపితే కొంపేమీ మునగదని తనకు తనే సర్దిచెప్పుకుని, ఆరుంబావు దాటాక స్విచ్చులు కట్టేశాడు. నీళ్ళు నెమ్మదిగా సర్దుకున్నాయి. అవతలి గట్టు మీది కొబ్బరిచెట్లు తలకిందులుగా చెరువులోకి దిగాయి. ముత్యాలరాజు ఫోను మోగకుండా సైలెంటులో పెట్టి, బురద గట్టు మీద బోర్లా పడుకుని, రెండు చేతులూ నీళ్ళ మీదికి చాపి బిగుసుకుపోయాడు.

సరిగ్గా అప్పుడే పక్క చెరువు త్రిమూర్తులు వేపపుల్ల నములుతూ ఇటు చూశాడు. ఆయన వరసకు వీరదుర్గకు అన్న, మనిషి మంచివాడు, కంగారు మాత్రం కాస్త ఎక్కువ. బావ చెరువులో చక్రాలు ఆగిపోయాయి. బావ బోర్లా పడి ఉన్నాడు. చేతులు నీళ్ళలో ఉన్నట్టున్నాయి. ఈ మూడూ కలిపి చూస్తే రొయ్యల చెరువుల మీద బతికేవాడికి ఒకటే తోస్తుంది, కరెంటు షాకు. అలాంటప్పుడు పరిగెత్తుకెళ్ళి మనిషిని ముట్టుకోకూడదు, ముందు లైను తీయించాలి. త్రిమూర్తులు ఎందుకైనా మంచిదని బావకు ఫోను చేశాడు. బావ ఎత్తలేదు, కదలనూ లేదు. ఇక లైన్‌మన్‌కు చేశాడు. అతను మారుమాట లేకుండా ఆ వరస చెరువులన్నిటికీ కరెంటు తీసేశాడు.

పన్నెండు చెరువుల్లో చక్రాలు ఒక్కసారి ఆగిపోతే ఎవరైనా ఊరుకుంటారా? పాకల్లోంచి అందరూ బయటికొచ్చేశారు. త్రిమూర్తులు పరిగెడుతూ చెప్పింది సగంమందికి షాకు అని అందింది, మిగతా సగానికి బావ చెరువు పోయిందని అందింది. ఆ చెరువులవాళ్ళకు ఒక అలవాటుంది. ఒకరికి ఆపద వచ్చిందంటే ముందు వచ్చేస్తారు, ఏమైందో తర్వాత అడుగుతారు. ఒకరు నీళ్ళలో చల్లే ఆక్సిజన్ బిళ్ళల సంచి భుజాన వేసుకుని వచ్చారు. ఒకరు ట్రాక్టరు మీద జనరేటరు తెచ్చారు. మరొకరు, రొయ్యలు చచ్చేలోపు పట్టుకుంటే సగమైనా దక్కుతుందని, పక్క ఊరికి పట్టుబడికి పోతున్నవాళ్ళను దారిలోనే ఆపి, వలలతోనూ ఐసు వ్యానుతోనూ సహా ఇటు తిప్పేశారు.

ముత్యాలరాజు ప్రాణమంతా నీళ్ళ మీదే ఉంది. నీడలో పచ్చచీర అంచు కనపడగానే నొక్కడానికి వేలు సిద్ధం చేసుకున్నాడు. ఆ అంచు వెనకాల ఒక లుంగీ కనపడింది. దాని వెనక ఇంకో లుంగీ. ఆ వెనక వల మోసుకుంటూ ఎనిమిదిమంది తలకిందులుగా పరిగెత్తుకొచ్చారు. ఇదేం విడ్డూరమని ఆయన అనుకునేలోగా ఎండు వెదురుకర్ర నడుం మీద ఫెడీమని పడింది. లైను తీయించినా జాగ్రత్త మంచిదని, కరెంటు పట్టుకున్న మనిషిని విడిపించే పద్ధతిలో త్రిమూర్తులు కొట్టిన దెబ్బ అది.

"అమ్మా" అంటూ ముత్యాలరాజు మొహం నిండా బురదతో లేచాడు. ఫోను గట్టు మీద పడింది. "ఉన్నాడ్రా, మా బావ ఉన్నాడు" అని త్రిమూర్తులు కర్ర పారేసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

వీరదుర్గ ఫ్లాస్కు ఎక్కడ విసిరేసిందో ఏమో, గట్టు చుట్టూ తిరిగి పరిగెత్తుకొచ్చింది. ఇంటి దగ్గర కబురు అందుకున్న కీర్తి ఆవిడ వెనకే వచ్చింది. వీరదుర్గ మొగుడి అరచేతులు తిప్పి చూసింది, గుండె మీద చెయ్యి పెట్టి చూసింది.

"ఏమైందండీ? మాట్లాడరేం?"

"ఏం కాలేదే. నీ ఫొటో తీస్తన్నాను."

గట్టు మీద నలభైమందీ మెడలు చాపి దగ్గరికి జరిగారు. ఐసు వ్యాను డ్రైవరు ఇంజను కట్టేసి మరీ వింటున్నాడు. ఇక దాచి లాభం లేదని ముత్యాలరాజు తల వంచుకుని చెప్పేశాడు. "పాకలో పెట్టుకుందామని. రోజూ ఆ రొయ్య మొహం చూసి పడుకోలేకపోతన్నాను దుర్గా. నువ్వుంటే బాగుంటదనిపించింది."

వీరదుర్గకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "ముందు చక్రాలు వెయ్యండి" అని మాత్రం అనగలిగింది. ముత్యాలరాజు స్విచ్చు వేశాడు. కరెంటు లేదు. త్రిమూర్తులు లైన్‌మన్‌కు ఫోను చేసి, ఎవరికీ ఏమీ కాలేదు వెయ్యవయ్యా అన్నాడు. తను వచ్చి కళ్ళారా చూసేదాకా వేసేది లేదని అతను ఖచ్చితంగా చెప్పాడు. ఇంతలో గట్టు వారన రొయ్యలు గాలి కోసం మీసాలు పైకి తేలేశాయి. పది రోజుల్లో పట్టాల్సిన పంట. ముత్యాలరాజుకు ఈసారి నిజంగానే షాకు కొట్టినంత పనైంది. కానీ సాయానికి ఎవరినీ పిలవాల్సిన పని లేకపోయింది. అందరూ అప్పటికే వచ్చి ఉన్నారు. అవతలి మూల బిళ్ళలు చల్లేశారు, ఇటు జనరేటరుకు వైర్లు కలుపుతున్నారు.

ఆ రెండు నిమిషాలూ మొగుడూ పెళ్ళాలకు చెయ్యడానికేమీ లేదు. వీరదుర్గ కొంగు తడిపి ఆయన మొహం మీది బురద తుడవడం మొదలెట్టింది.

"ఓ మాటడిగితే నించునేదాన్నిగా?"

"అడిగితే కళ్ళు మూసుకుంటావు."

"ఆయ్, అందుకని నా ప్రాణం తీసేత్తారా?" అంటూనే, పాతికేళ్ళ కాపురంలో ఈ మనిషి తన కోసం బురదలో బోర్లా పడుకున్నాడన్న సంగతి అప్పుడు తలకెక్కి, ఆవిడ ఆపుకోలేక నవ్వేసింది. కీర్తి గట్టు మీద పడ్డ ఫోను తీసి ఓణీతో తుడిచి, నీళ్ళ పక్కన కూర్చుని, తలకిందులుగా పట్టుకుని నొక్కింది. మరుక్షణం జనరేటరు గుర్రుమంది. చక్రాలు తిరిగి నీడ చెదిరిపోయింది.

లైన్‌మన్ వచ్చి కళ్ళారా చూసుకున్నాక లైను వేశాడు, అందరి పంటా దక్కింది. ఫొటో కూడా దక్కింది, మర్నాడే పటం కట్టించి క్యాలెండరు పక్కన తగిలించారు. అందులో వీరదుర్గ ఇంతేసి కళ్ళతో నవ్వుతోంది. ఆవిడ వెనక వలలు, ఐసు పెట్టెలు, నలభైమంది జనం ఉన్నారు. ఆవిడ పక్కన, రెప్పల మీది బురద తుడిపించుకుంటూ, ముత్యాలరాజు కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు. అప్పట్నుంచి ఆయన పెళ్ళాం ఫొటోల గురించి నలుగురిలో నోరెత్తడం మానేశాడు. రాత్రి దీపం ఆర్పేముందు మాత్రం పటం వంక ఒకసారి చూసి పడుకుంటాడు.

పాకకు కొత్తగా ఎవరొచ్చినా త్రిమూర్తులు ఆ పటమే చూపిస్తాడు. "ఆవేళ మా బావకి షాకు కొట్టలేదంటారేంటండీ, ఆ మొహం చూసి చెప్పండి."