త్రివిక్రమరావు పేరు మీద కవర్లు

"నేరం నా కంట పడిందంటే అది చేసినోడి ఖర్మ, జగదీషూ!" అని ప్రకటించి వీరాంజనేయులు చల్లారిన టీ తాగాడు. ప్రొద్దుటూరులో ఏకైక ప్రైవేటు డిటెక్టివ్ అతను. ఆ సంగతి అతనే చెప్పాడు. బట్టల కొట్లో గుమాస్తానైన నేను అతనికి స్నేహితుణ్ణి, అసిస్టెంటుని, టీ బిల్లు కట్టేవాణ్ణి.

ఎదురుగా త్రివిక్రమరావు గారు దిగాలుగా కూర్చున్నారు. మున్సిపాలిటీలో పనిచేసి రిటైరయ్యారు. వీధిలో అందరికీ పింఛను అర్జీలు, రేషన్ కార్డు అర్జీలు ఉచితంగా రాసిపెడతారు. ఒక్క రూపాయీ పంచనని స్టాంపు పేపరు మీద రాసిచ్చి మరీ కౌన్సిలరుగా నిలబడ్డారు. ఆయన ఎన్నికల ఖర్చంతా కరపత్రాల జిరాక్సుకు నూట ఎనభై.

"నా పేరు మీద ఎవరో ఇంటింటికీ రెండొందల కవర్లు పంచుతాండారప్పా. రేపే పోలింగు. నా మాట పోయినట్లే," అన్నారు.

"ఇది అంతర్జాతీయ కుట్ర," అన్నాడు వీరాంజనేయులు.

"రెండొందలకా?" అన్నాను.

"నువ్వు ఊరుకోప్పా. కుట్రకు రేటుండదు."

తలకు తువ్వాలు చుట్టి, ఓటరు వేషంలో, మా వీధిలో దోసెలమ్మే మాబున్ని బండి దగ్గర మాటు వేశాడు. నేను బండి వెనక దాక్కున్నాను. ముద్దాయికి గుబురు మీసాలుంటాయనీ, నల్ల కారులో దిగుతాడనీ ముందే తేల్చేశాడు.

పది నిమిషాలకు త్రివిక్రమరావు గారి భార్య లలితమ్మ చేతిసంచితో వచ్చింది. తువ్వాల్లో ఉన్నది ఎవరో గుర్తుపట్టలేదు. చేతిలో కవరు పెట్టి, "నాయనా, మా ఆయనకు ఓటెయ్యి," అంది.

"అట్లనేలేమ్మా. ఈడ నిలబడాకు, భయంకరమైన నేరస్థుడు వస్తాండాడు," అని కవరు జేబులో పెట్టుకుని ఆమెను పంపేశాడు. ఆ నేరస్థుడి కోసం ఇంకో గంట ఎదురుచూశాడు.

మాబున్ని ఇక ఓర్చుకోలేకపోయింది. "ఎవురి కోసమప్పా చూస్తాండావు? పొద్దున్నుంచీ పంచేది ఆయమ్మే కదా. నాకూ ఇచ్చింది."

వీరాంజనేయులు గంభీరంగా కళ్ళు మూసుకున్నాడు. "నేను అనుకున్నట్టే జరిగింది."

భర్త ముందు లలితమ్మ ఏమీ దాచలేదు. "గాజులు కుదవ పెట్టినా. నలభై కవర్లు. అవతలోళ్ళు రెండు వేలు పంచుతాంటే మీకు ఎవరేస్తారు? సున్నా వస్తే మీరు తట్టుకోలేరని భయమైంది."

త్రివిక్రమరావు గారు మిగిలిన కరపత్రాలు మడిచి పక్కన పెట్టేశారు.

సంగతి వీధంతా పాకింది. సాయంత్రం మాబున్ని కొంగులో మూటతో వచ్చి, ఇంటింటా పోగుచేసిన కవర్లన్నీ త్రివిక్రమరావు గారి అరుగు మీద పోసింది. "ఆ పార్టీ దుడ్లు తీసుకున్న్యాం, ఈ పార్టీ దుడ్లూ తీసుకున్న్యాం. ఈ సామి దగ్గర తీసుకుంటే రేపు అర్జీ రాయమని ఏ మొగం పెట్టుకోని అడగాల?"

లలితమ్మ లెక్కపెట్టింది. ముప్ఫై తొమ్మిది.

"నలభయ్యోది యాడ?"

"అది సాక్ష్యం," అన్నాడు వీరాంజనేయులు.

"ఆ సాక్ష్యంతోనే ఎనిమిది కారం దోసెలు తిన్న్యాడు," అంది మాబున్ని.

ఆ విధంగా త్రివిక్రమరావు గారి డబ్బుకు అమ్ముడుపోయిన ఓటరు మా వార్డు మొత్తంలో ఒక్కడే తేలాడు. వాడి ఓటు పక్క ఊరు రాజుపాలెంలో ఉంది.