ఎనిమిది మందికి మించని ఏకాంతం

ఈ వేసవి నుంచి మా రేవులో సూర్యాస్తమయం చిన్న బృందాలకు మాత్రమే చూపించబడుతుంది. పడవకు ఎనిమిది మంది. తొమ్మిదో మనిషి ఎక్కితే అది గుంపు అవుతుందనీ, గుంపులో ఏకాంతం ఉండదనీ మా ద్వీపపు పురపాలక సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. పడవలు నలభై ఒకటి. నలభై ఒక్క ఎనిమిదులు ఎంతవుతాయని ఎవరూ అడగలేదు. అడగవలసిన లెక్కల మాస్టారు వేసవి సెలవుల్లో పడవ నడుపుతాడు.

ఇదే సూర్యుడు ఒడ్డు మీద నిలబడినా కనిపిస్తాడు. మా రేవు పడమటి ముఖంగానే ఉంది. వీధికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్న ముసలమ్మకు కూడా ఆయన ఏ వివక్షా లేకుండా దర్శనమిస్తాడు. అయితే ఊరికే కనిపించే దాన్ని చూడటానికి అంత దూరం నుంచి ఎవరు వస్తారు? అందుచేత అతిథుల్ని పడవెక్కించి, అదే సూర్యుడికి అరమైలు దగ్గరగా తీసుకుపోతాం.

ఆ చోటుకి ఏకాంత స్థలం అని పేరు. గాడిద కొన అనే రాతి మొన దాటగానే వస్తుంది. సాయంత్రం ఏడింటికల్లా నలభై ఒక్క పడవలూ అక్కడికి చేరతాయి. మొదట్లో కొంత ఇబ్బంది కలిగింది. ఒకరి ఏకాంతంలోకి ఇంకొకరి పడవ ముక్కు వస్తోందని సరంగులు ఒకర్నొకరు తల్లుల దగ్గర మొదలుపెట్టి తాతల దాకా తలుచుకున్నారు. పురపాలక సంఘం కలగజేసుకుని పడవలన్నిటినీ పక్కపక్కనే ఒకే వరుసలో, పడమటికి ముక్కులు పెట్టి నిలబెట్టింది. ఎవరి ముందూ ఎవరూ లేరు. పక్కకి చూడకుండా ఉంటే ఏకాంతానికి లోటు లేదు. మేయరు యకుమిస్ గారు స్వయంగా రబ్బరు పడవలో వరుస వెంట తిరుగుతూ, నిశ్శబ్దం పాటించమని మైకులో అరిచేవారు.

అర్గిరిస్ పడవ నలభై రెండోది కావలసింది.

అర్గిరిస్‌ది కలిరోయి అనే చెక్క పడవ. వాళ్ల నాన్న కట్టించి, భార్య పేరు పెట్టాడు. అర్గిరిస్ దాని మీద యాభై ఏళ్లు చేపలు పట్టాడు. మొన్న చలికాలంలో మోకాళ్లు మొరాయిస్తే, చేపల లైసెన్సు వదులుకుంటున్నానని కాఫీ కొట్టులో కూర్చుని కాగితం మీద సంతకం చేశాడు. పోయేది కాగితమే కదా అనుకున్నాడు. మా దగ్గర కాగితం ఒంటరిగా పోదు. సముద్రంలో చేపలు తగ్గిపోతున్నాయి కనుక, లైసెన్సు వదిలినవాడు పడవను కూడా తెచ్చి, అధికారుల ఎదుట యంత్రంతో పగలగొట్టించాలి. గడువు సెప్టెంబరు ఆఖరు. చేపల్ని కాపాడటానికి ఇంతకంటే మంచి మార్గం ఇంతవరకు ఎవరికీ తట్టలేదు. పెద్ద ఇనప ఓడలు ఎలాగూ మా రేవులో పట్టవు కాబట్టి యంత్రం వాటి జోలికి పోదు.

తప్పించుకునే దారి ఒక్కటే ఉంది. కలిరోయికి సూర్యాస్తమయ పడవగా గుర్తింపు వస్తే యంత్రం దాన్ని ముట్టుకోదు. అందుకు ఒక సాయంత్రం పరీక్ష నెగ్గాలి. దరఖాస్తుకి జులై పదిహేను గడువు. అర్గిరిస్ పద్నాలుగున ఇచ్చాడు.

పరీక్షనాడు అర్గిరిస్ భార్య మరిగో పొద్దున్నించీ టమాటా బజ్జీలు వేసింది. రొట్టె ముక్కలు, ఆలివ్ కాయలు, ఊజో సారా సీసా బుట్టలో సర్ది రేవు దాకా మోసుకొచ్చింది.

"ఏవయ్యా, కొత్త చొక్కా ఏది?"

"ఉక్కగా ఉంది. లోపల పెట్టా."

"చొక్కాకి ఉక్కేంటి? వేసుకో. ఇంకో మాట. నీ చెయ్యి మర్చిపోయి వల వేసే చోటుకి పోతుంది, చూసుకో. ఇవాళ వాళ్లకి చూపించాల్సింది సూర్యుణ్ణి."

"నాకు తెలీదా ఏంటే?"

"యాభై ఏళ్లలో ఒక్కసారన్నా చూశావా ఆయన్ని? ఏ రంగులో ఉంటాడో చెప్పు."

"సూర్యుడి రంగులోనే ఉంటాడు. బుట్ట ఇటివ్వు."

మరిగో అన్నదాంట్లో అన్యాయం లేదు. మా జాలర్లు సాయంత్రం వల వేసేటప్పుడు ముఖం ఒడ్డు వైపే పెడతారు. నీటి మీద గుర్తులుండవు. గుడి గంట గోపురం రొట్టెల కొట్టు పొగగొట్టాన్ని సరిగ్గా ఎప్పుడు కప్పేస్తుందో చూసుకుని అక్కడ వల దించాలి. వేలెడు అటయితే రాళ్లు, వేలెడు ఇటయితే నాచు. సూర్యుడు వీపు మీద ఉంటాడు, చమటగా తెలుస్తాడు. రేపటి గాలి సంగతి కొండ నెత్తిన మబ్బు చెబుతుంది. ఆయన్ని తిరిగి చూడాల్సిన అవసరం మావాళ్లకు ఎప్పుడూ రాలేదు.

అతిథులు ఎనిమిది మంది ఎక్కారు. పరీక్షాధికారి వ్రెత్తోస్ గారు రాజధాని నుంచి ఫారాలతో దిగారు. ఆయన ఎక్కితే తొమ్మిది అవుతారు, అది గుంపు. నియమం చూడవచ్చిన ఆయనే నియమం తప్పడం బాగుండదని, కలిరోయి వెనక తాడుతో కట్టిన చిన్న తెప్పలో కూర్చుని వచ్చారు. నురగ ముఖాన కొడుతున్నా ఫారం తడవనివ్వలేదు. ఇటువంటి అధికారులు ఇంకా ఉన్నారు.

అర్గిరిస్ చుక్కాని పట్టుకుని గాడిద కొన వైపే బయల్దేరాడు. సగం దూరంలో ఒక అతిథి ఆలివ్ గింజ ఎక్కడ పడెయ్యాలని అడిగితే, చూపించడానికి తల తిప్పాడు. ఆ కాస్తలో చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. గోపురం వచ్చి పొగగొట్టాన్ని కప్పింది. ఇంజను ఆగింది. పడవ ముక్కు ఊరి వైపు తిరిగి నిలబడింది. ఒడ్డు రెండు వందల గజాలు. నలభై ఒక్క పడవలూ వెనక ఎక్కడో, ఇటు వీపు పెట్టి ఉన్నాయి.

ఎనిమిది మంది ముందూ ఒక్క పడవ లేదు. ఎండ వాళ్ల తలల మీంచి పోయి ఊరి మీద పడింది. గోడలు, మెట్లు, ఆరేసిన దుప్పట్లు, గోడ మీది పిల్లి, అన్నీ బంగారం పూత పూసినట్టు వెలిగాయి. ఎవరూ మాట్లాడలేదు. మైకు కూడా అంత దూరం వినిపించలేదు. అప్పుడు రెండో అంతస్తు వసారాలోంచి మరిగో గొంతు నీళ్ల మీద జారుకుంటూ వచ్చింది.

"ఏవయ్యా, మాత్ర వేసుకున్నావా?"

"వేసుకున్నానే."

"ఏదీ, బీపీదా మోకాళ్లదా?"

"తెల్లది."

"రెండూ తెల్లవే కదయ్యా. ఇంతకీ నువ్వు అక్కడేం చేస్తున్నావు? సూర్యుడు నీ వెనకున్నాడు."

అర్గిరిస్ అప్పుడు చూసుకున్నాడు. ఇంజను తిప్పాడు. కలిరోయి నాలుగుసార్లు దగ్గి, ఐదోసారి లేచేసరికి ఊరి మీది బంగారం గోపురం కొసకు చేరి ఆరిపోయింది.

అతిథులకు మా భాష రాదు. ఇంత హాయిగా ప్రేమగీతం విన్నది ఇదే మొదలని ఒక పళ్ల డాక్టరు కళ్లు తుడుచుకుంది. ఎనిమిది మందీ అభిప్రాయాల పుస్తకంలో పదికి పది వేశారు. బజ్జీలకు వేరే పది వేశారు.

వ్రెత్తోస్ గారు తెప్పలోంచి లేచి నిలబడ్డారు. "కెప్టెన్, బజ్జీలు బాగున్నాయి. పడవ శుభ్రంగా ఉంది. కానీ పదకొండో ప్రశ్న ఉందే. ప్రయాణికులు సూర్యుడు నీటిని తాకడం చూశారా?"

"మీ వెనకే ఉన్నాడు కదండీ. మీరు చూశారా?"

"నేనెలా చూస్తాను? ఫారం నింపుతున్నాను."

పదకొండో ప్రశ్నకు 'లేదు' అని రాశారు. సూర్యుడు లేని సూర్యాస్తమయానికి గుర్తింపు ఇచ్చే అధికారం ఆయనకే కాదు, ఆయన పైవారికి కూడా లేదు.

అయితే ఆ ఎనిమిది మంది ఊరుకోలేదు. ఎక్కడెక్కడి స్నేహితులకో ఫొటోలు పంపారు. వారం తిరిగేసరికి రేవులో దిగే ప్రతివాళ్లూ సూర్యుడు వద్దని, వెన్ను సూర్యాస్తమయం కావాలని అడగడం మొదలుపెట్టారు. పురపాలక సంఘం అత్యవసరంగా సమావేశమైంది. యకుమిస్ గారు అర్గిరిస్ కూతురికి జ్ఞానస్నానం చేయించిన పెద్ద. ఆ వరసన వాళ్లిద్దరూ ఒకర్నొకరు కుంబారా అని పిలుచుకుంటారు. ఆయన లేచి ఇలా ప్రసంగించారు:

"సోదరులారా, మూడు వేల ఏళ్లుగా మన పూర్వులు సముద్రం వైపు చూశారు. ఏం కనిపించింది? నీళ్లు. ఇవాళ మా కుంబారుడు అర్గిరిస్ మనకు వెనక్కి తిరగడం నేర్పాడు. ఒక జాతి వెనక్కి తిరగడానికి ఎంత ధైర్యం కావాలి? ఆ ధైర్యం మన రక్తంలో ఉంది. ఇక ఏ అతిథీ ఈ రేవులో సూర్యుణ్ణి చూసి నిరాశ పడకూడదు."

చప్పట్లు ఆగాక నియమాలు వచ్చాయి. నలభై ఒక్క పడవలూ కొన ఇవతలికి, ఒడ్డు దగ్గరికి వచ్చి ముక్కులు ఊరికి తిప్పాలి. ఊరు కూడా దానికి తగ్గట్టు ఉండాలి. ఏడింటి నుంచి ఎనిమిదింపావు దాకా తెల్లదుప్పట్లు, నీలం తువ్వాళ్లు మాత్రమే ఆరెయ్యాలి, లోదుస్తులు పెరటి వైపు. వసారాకు ఇద్దరు తప్పనిసరి. మొగుడూపెళ్లాల కేకలు అనుమతించబడతాయి, కానీ మందులు, అల్లుళ్ల ప్రస్తావనలకే పరిమితం. రొట్టెల కొట్టువాడు ఆ వేళ పొయ్యి వెలిగించకపోయినా పొగ రావాలి. పిల్లిని గోడ మీద కూర్చోబెట్టే బాధ్యత పిల్లి గలవారిది.

మేము ఇవన్నీ సంతోషంగా పాటించాం. ఇరవై ఏళ్లుగా మాటల్లేని తోడికోడళ్లకు ఒకే వసారా కేటాయిస్తే, అతిథుల కోసం రోజూ గంటంపావు తిట్టుకుని, ఆ అలవాటు మీద సెప్టెంబరుకల్లా కలిసిపోయారు.

అర్గిరిస్ కొత్త నియమాల కింద మళ్లీ పరీక్ష పెట్టమని టోపీ చేత్తో పట్టుకుని వెళ్లాడు.

"కుంబారా, ఇప్పుడందరూ చేసేది నేను ఆ రోజు చేసిందే కదా."

"అదే మా గర్వం, కుంబారా."

"అయితే నా పడవ సంగతి?"

"నువ్వు చేసిన రోజున అది తప్పు. తప్పు చేసిన పడవని వదిలేస్తే రేపు నియమానికి విలవేముంది? కొత్తగా దరఖాస్తు పెట్టుకో."

"పెడతా. కాగితం ఇవ్వు."

"గడువు జులై పదిహేను. దాటిపోయింది."

"కొత్త నియమం వచ్చింది ఆగస్టులో."

"అవును. గడువు మాత్రం పాతదే. అన్నీ ఒకేసారి మార్చేస్తే జనం కంగారుపడతారు."

సెప్టెంబరు ఇరవై తొమ్మిదిన యంత్రం రేవు గట్టు మీదికి వచ్చింది. అది రావడం ఆలస్యమై సాయంత్రం ఏడయింది. ఆ వేళకి నలభై ఒక్క పడవలూ ఊరి వైపు తిరిగి సిద్ధంగా ఉన్నాయి. కలిరోయి మీద ఎండ బాగా పడింది. ముందురోజే మరిగో అందులోంచి నావికుల్ని కాచే సెయింట్ నికోలస్ పటాన్నీ చుక్కాని కర్రనీ తెచ్చి ఇంట్లో పెట్టుకుంది. యంత్రం పని పదకొండు నిమిషాల్లో ముగించింది. అర్గిరిస్ టోపీ తీశాడు. ఇది స్థానిక ఆచారమనుకుని మూడు వందల ఇరవై ఎనిమిది మంది అతిథులూ టోపీలు తీశారు. అయిపోయాక చప్పట్లు కొట్టారు. ఇది రోజూ ఉంటుందా అని కొందరు సరంగుల్ని అడిగారు. పాత పడవలు ఇంకా తొమ్మిది ఉన్నాయని లెక్కల మాస్టారు ఆశ కల్పించాడు.

మర్నాటి నుంచి అర్గిరిస్ నియమం ప్రకారం మరిగో పక్కన వసారాలో కూర్చోవలసి వచ్చింది. చుక్కాని కర్రను మరిగో బట్టల తాడుకి ఊతంగా పెట్టింది. అతను చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. తల ఎత్తాడు. ఎదురుగా, పడవల వరుస వెనక, సూర్యుడు నీళ్లలోకి దిగుతున్నాడు.

టోపీ అంచు కళ్ల మీదికి లాక్కుని ముందుకు వంగాడు.

"రోజూ ఇలాగే ఉంటుందా?" అన్నాడు చివరికి.

"రోజూనే."

"నీకెలా తెలుసు?"

"నలభై నాలుగేళ్లు నువ్వొచ్చేదాకా ఇక్కడే కూర్చున్నాను కదయ్యా. ఇంకేం చూస్తాననుకున్నావు?" అంది. చెయ్యి చాపి, "ఆ మూడో పడవాణ్ణి కాస్త పక్కకి జరగమను. అడ్డంగా ఉన్నాడు" అంది.

అర్గిరిస్ లేచి, వసారా అంచున నిలబడి, మూడో పడవను పక్కకి జరగమని కేకేశాడు. పడవలోని ఎనిమిది మంది కెమెరాలు ఎత్తారు. ఆ తర్వాత వాళ్లలో ఒకాయన, ఈ ముసలాయన దేన్ని అంతగా చూస్తున్నాడని అనుమానం వచ్చి, వెనక్కి తిరిగాడు. పడవలు ఊరి వైపు తిరిగాక మా రేవులో పడవ మీంచి సూర్యుణ్ణి చూసిన మొదటి అతిథి ఆయనే అయి ఉంటాడు. దిగగానే, ఆ వసారాలో కూర్చుని చూడాలని అడగడానికి తిన్నగా పురపాలక సంఘానికి వెళ్లాడు.

అందుచేత తెలియజేయునదేమనగా, వచ్చే వేసవి నుంచి సూర్యాస్తమయం వసారాల మీంచి చూపించబడుతుంది. మొదటిది అర్గిరిస్ ఇంటి రెండో అంతస్తు. చుక్కాని కర్ర కూడా చూడవచ్చు. ముసలివాళ్లిద్దరూ కూర్చుంటే చోటు చాలదని వాళ్లను వెనక గదిలోకి మార్చడం జరిగింది. ఆ గదికి కిటికీ ఉంది, తూర్పు వైపు.

ఈ సంగతి నేను మీకు చెప్పకుండా ఉండవలసింది. ఇంకా ఎవరికీ తెలియని చోటని మీరు ఇప్పటికే ఇద్దరు ముగ్గురికి చెప్పే ఉంటారు. మీరు గుంపు కట్టేవారు కారని మాకు తెలుసు, వచ్చేవారెవరూ కారు. రండి. ఎనిమిది మందికి మించకుండా రండి.