‘వుడ్ యూ మైండ్’ మాకు చేసిన మేలు

ఇంగ్లీషువాడు మనకు వదిలిపోయిన వరాల్లో రైలు కన్నా గొప్పది ‘వుడ్ యూ మైండ్?’ అనే ప్రశ్న. నవ్వకండి! రైలు మా అండమాన్‌కు రానేలేదు. ఈ ప్రశ్న మాత్రం టూరిస్టులతో పాటు ఓడెక్కి వచ్చేసింది.

‘అభ్యంతరమా?’ అని తెలుగులో అడిగితే ‘అబ్బే, లేదండీ’ అంటాం. అదే ఇంగ్లీషులో అడిగితే మర్యాదస్థులం కనుక ‘ఎస్, ఎస్!’ అంటాం. అడిగినవాడు సారీ చెప్పి వెళ్లిపోతాడు. పని తప్పింది! ఇంతకన్నా సుఖం ఉందా?

మా సూరయ్యకు ఈ సుఖం వారంపాటు దక్కింది. బాంబూఫ్లాట్ రేవు అవతల మా పేటలో చేపల వేట అతని బతుకు. మొన్నటి సీజన్లో పడవకు నీలం రంగు వేసి, టూరిస్టులను తిప్పుదామని రేవులో నిలబడ్డాడు. “వుడ్ యూ మైండ్ టేకింగ్ అస్?” అని వాళ్లు అడగడం, ఇతను పళ్లన్నీ బయటపెట్టి “ఎస్, ఎస్!” అనడం, వాళ్లు పక్క పడవ ఎక్కడం! ఒక పెద్దాయనైతే పడవలో పెట్టిన కాలు కూడా వెనక్కి తీసుకున్నాడు.

“నాను ఎస్ అంటే పారిపోతన్నారేటే? నా మొకం బాగోలేదా?” అని భార్య తవిటమ్మను అడిగాడు.

“మొకానికేటి, పెళ్లినాటి నుంచీ అలాగే ఉన్నాది. పద, టీచర్ దీదీని అడుగుదాం.”

టీచర్ దీదీ అంటే జ్ఞానవతి. ఆదివారం చర్చిలో పిల్లలకు బైబిలు కథలు, తక్కిన రోజుల్లో బడిలో ఇంగ్లీషు చెబుతుంది.

“సూరయ్య భయ్యా, మైండ్ అంటే అక్కడ అభ్యంతరం. మీరు ఉందంటున్నారు. ‘నో, నాట్ ఎటాల్’ అనాలి.”

“ఒప్పుకోడానికి నో అనాలా? మరి ఒప్పుకోకపోతే?”

“సారీ అనాలి.”

“అయితే ఎస్ ఎప్పుడనాలి దీదీ?”

“దీనికి అనకపోవడమే సేఫ్.”

మర్నాడు సూరయ్య రేవంతా దద్దరిల్లేలా “నో, నో, నాట్ ఎటాల్!” అన్నాడు. పడవ నిండిపోయింది!

ఇంత మహిమగల ప్రశ్నను ఒక్క పడవతో వదిలేస్తామా? మా జెట్టీ షెడ్డు పైకప్పు మూడేళ్లుగా జల్లెడ. వానలో ఫెర్రీ కోసం షెడ్డులో నిలబడ్డవాళ్లకన్నా బయట నిలబడ్డవాళ్లే తక్కువ తడుస్తారు. హిందీలో ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా ‘హో జాయేగా’, అంటే అయిపోతుందిలే, అన్నారు. అందుకని ఈసారి జ్ఞానవతిని ముందు పెట్టుకుని, పోర్ట్ బ్లెయిర్‌లో ఒక పెద్ద సారు గదిలోకి అందరం వెళ్లాం.

“సర్, వుడ్ యూ మైండ్ రిపేరింగ్ అవర్ జెట్టీ షెడ్?”

సారు చల్లగా నవ్వాడు. “నో, నో! నాట్ ఎటాల్!”

“నో అనీసినాడు! పక్కా ఒప్పీసుకున్నాడు!” అంటూ సూరయ్య చప్పట్లు కొట్టాడు. మేమూ కొట్టాం. ఎందుకు కొడుతున్నామో సారుకు అర్థం కాలేదు కానీ, ఆయనా కొట్టాడు.

వానాకాలం వచ్చింది. బాగుచేసేవాళ్లు రాలేదు. మొన్న షెడ్డు లోపల గొడుగులు వేసుకుని నిలబడ్డాం. తవిటమ్మ చాలాసేపు పైకప్పు వైపే చూసింది.

“దీదీ, ఆ మైండుకి ఇంకో అర్దం ఉన్నాదేటి?”

జ్ఞానవతి కొంగు పిండుకుంటూ నసిగింది. “ఉందమ్మా. పట్టించుకోవడం.”

“అంటే, మా షెడ్డు పట్టించుకుంటారా అని నువ్వడిగినావు. నో, నో అని ఆయన సెప్పినాడు.” తవిటమ్మ గొడుగు సర్దుకుంది. “పాపం, నిజమే సెప్పినాడు కదేటి!”

చూశారా పాఠకులారా! మూడేళ్లు హిందీలో అడిగినా బయటపడని నిజం, ఇంగ్లీషులో ఒక్కసారి అడగ్గానే నవ్వుతూ బయటికొచ్చింది. ఇంత సూటిగా జవాబు చెప్పే అధికారి మీ ఊళ్లో ఉన్నాడా?