గజనారీ తేనీటి సంగ్రామము

చెవులున్నవారు వినండి. లేనివారు కనీసం అడ్డు తగలకండి. ఒకానొక ఆదివార సాయంకాలమున, ప్రచండ మార్తాండుడు ఎదురు మేడ మీది నీళ్ళట్యాంకు వెనక్కి జారుకుని, ఇక ఈ మనుషులతో నావల్ల కాదన్నట్టు మొహం ఎర్రగా పెట్టుకున్న వేళ, పుస్తకాల బైండింగు షాపు మీది గదిలో, జిగురుగంధ పరివేష్టితమై, కుంటికుర్చీ వలయాలంకృతమై, ఒంటిఫ్యాను గరగర నినాద భరితమై విలసిల్లు పఠన మండలి సభాభవనమున జరిగిన ఘోర సంగ్రామాన్ని చెబుతాను. రక్తం పారలేదు. టీ పారింది. అదీ ఆలస్యంగా.

ముందు ఈ మండలి వీరుల పద్ధతి చెప్పాలి. అది తెలియకపోతే యుద్ధం తెలియదు. వీళ్ళు నెలకొక నవల చదువుతారు. తలా ఒకటి కొంటారనుకునేరు, అంత ఔదార్యం వాళ్ళ వంశంలోనే లేదు. కొనేది ఒక్క ప్రతి. కింది షాపు బైండరు, తానూ మండలి సభ్యుడే, దాని కుట్లు విప్పి, చేపను కోసినట్టు ముక్కలు చేసి, తలా ఒక భాగం పంచుతాడు. ఎవరి ముక్క వాళ్ళు చదివి వచ్చి, నవలను ఆమూలాగ్రం నమిలి మింగిన ఉద్దండ పండితుల్లా ఉపన్యసిస్తారు. ఆఖర్న చేతులెత్తి తీర్పు చెబుతారు. ఎవరి పక్షాన తక్కువ చేతులు లేస్తే వాళ్ళు గది మూలనున్న తడిక వెనక్కి వెళ్ళి అందరికీ టీ పెట్టాలి. గెలిచినవాళ్ళు ఈలోగా తమ గెలుపు గురించి చాలాసేపు మాట్లాడుకుంటారు. అసలు మాటలన్నీ అప్పుడే వస్తాయట. తడిక వెనక మాత్రం పంపు స్టవ్వు బుసలో ఒక్క ముక్క వినపడదు.

ఆ తడిక వెనక ఇన్నాళ్ళూ నిలబడింది ఒక్కరే. మండలిలో ఏకైక స్త్రీ, కత్తెరపాణి, సూచీముఖాస్త్ర ప్రయోగ కుశల, వీధి చివర కుట్టుమిషను తొక్కే దర్జీ. ఆమె ఏం వాదించినా చేతులు లేవవు. మగవాళ్ళ చేతులు ఒకళ్ళ కోసం ఒకళ్ళవి లేస్తాయి, గొర్రెల తోకల్లాగా. చేరిన రోజు నుంచీ ఆమె కోరిక ఒక్కటే: ఒక్కసారి కుర్చీలోంచి లేవకుండా సభ ఆఖరిదాకా వినాలి. రాజ్యం అడగలేదు, కిరీటం అడగలేదు. కుర్చీ అడిగింది, అదీ ఒక కాలు పొట్టిది.

ఆమెకు ప్రతిపక్ష సేనాని ఎవరనుకున్నారు? సాక్షాత్తూ ఆమె భర్తకు అన్నగారు, మండలి అధ్యక్షుడు, విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, సుద్దముక్క గదాధరుడు, పూర్ణవిరామానికి ఆజన్మ శత్రువు. ఆయన నోరు తెరిస్తే పూర్ణవిరామం పారిపోయి పక్కింట్లో దాక్కుంటుంది.

ఆ నెల నవల సర్కస్ కథ. అందులో ముఖ్య పాత్రలు రెండు, ఒక ఏనుగు, ఒక ఊయలమ్మాయి. డేరా కప్పు కింద ఊయల నుంచి ఊయలకు ఎగిరే పిల్ల. ఇద్దరిలో గొప్ప పాత్ర ఎవరిదన్నది ఆనాటి యుద్ధకారణం. ఆ నవలా చక్రవర్తి పక్షపాతం సంగతి నేను చెబుతాను, నాకు మొహమాటం లేదు. ఏనుగుకు తల్లిని ఇచ్చాడు, చిన్ననాటి అడవిని ఇచ్చాడు, తొలివాన వాసన జ్ఞాపకం ఇచ్చాడు. ఊయలమ్మాయికి నడుమునిచ్చాడు. భాగానికొక ఉపమానం చొప్పున ఆ నడుమే. ఏనుగు తిన్న చెరకు గడలు లెక్కతో సహా ఉన్నాయి. ఆ పిల్ల అన్నం తిన్నదో లేదో మహానుభావుడికి తట్టనే లేదు.

అధ్యక్షుడు లేచాడు. లేచి, కండువా సవరించి, తన భాగపు కట్టను ధ్వజంలా ఎత్తి ఘోషించాడు:

"సభాసదులారా, మూగజీవమని లోకం తృణీకరించిన ఆ మహాకాయుని అంతరంగ సముద్రపు లోతులను ఈ నేత్రాలతో దర్శించి వచ్చిన నేను, యావజ్జీవ కశాఘాత జర్జరితుడైన ఆ గజరాజు ఒకనాడు పీట ఎక్కనని నిలబడిన మహోజ్జ్వల ఘట్టాన్ని మీ ముందు పఠించకుండా ఉండలేను."

చదివాడు. యజమాని కొరడా ఝళిపించాడు, ఏనుగు కదలలేదు. పీట దాని పాదానికి చాలదు. 'ఆ మౌనంలో ఆత్మగౌరవం ఘీంకరించింది' అని రాశాడట రచయిత. అధ్యక్షుడి కళ్ళు చెమర్చాయి. ఇన్సూరెన్సు ఏజెంటు ముక్కు చీదాడు. ఎప్పుడూ ఎవరి కోసమూ ఏడవని రాతిగుండెలు కాగితపు ఏనుగు కోసం జలపాతాలైనాయి. ఏడవండి బాబూ, ఏడవండి, కన్నీళ్ళకు ఖర్చేముంది.

"అయిపోయిందా బావగారూ?" అంది దర్జీ.

"ఇంకా వ్యాఖ్యానం ఉందమ్మా."

"అది నేను టీ పెట్టేటప్పుడు చెప్పుకుంటారుగా. ముందు నా ముక్క వినండి."

ఆమె భాగంలో ఊయలమ్మాయి ఒకరోజు నిచ్చెన ఎక్కనంది. పై తాడు పురి విడిపోతోంది, ముందురోజే వేళ్ళకు తగిలింది. అందరూ చూస్తుండగా నిచ్చెన కింద కూర్చుంది. దర్జీ గొంతు పెంచకుండా, కొలతలు చదివినట్టు చదివింది: 'ఆడవాళ్ళ అలక అందమైనది. ఒక అద్దం కొనిస్తే సరిపోతుందని యజమాని నవ్వుకున్నాడు.'

కట్ట మూసింది.

"ఏనుగు ఎక్కనంటే ఆత్మగౌరవం. పిల్ల ఎక్కనంటే అలక. పని ఒకటే కదా బావగారూ, ఎక్కనన్నారు ఇద్దరూ. మాట ఎందుకు మారింది?"

"సందర్భం వేరమ్మా. ఏనుగు అంటే ఒక ప్రతీక."

"మరి పిల్ల?"

"పిల్ల అంటే... పిల్ల."

"తాడు తెగితే చచ్చేది ప్రతీక కాదు కదండీ, పిల్లే."

"అబ్బ, నవలను నవలలాగా చూడాలి," అన్నాడు ఏజెంటు. "అయినా ఆ పిల్ల రేపు ఎక్కేస్తుందిలెండి. ఏనుగు అలా కాదు, మనసు పెద్దది."

"మీరు చదివింది ఏ ముక్క?"

"విదూషకుడి పెళ్ళి," అన్నాడు ఏజెంటు నీరసంగా.

తీర్పు వేళ వచ్చింది. ఏనుగు పక్షాన కరసమూహం కదళీవనంలా లేచింది. ఊయలమ్మాయి పక్షాన ఒక్క చెయ్యి, వేలికి సూది పొడిచిన మచ్చలున్నది. రెండోది బైండరుది లేవబోయింది. భుజం దాకా వచ్చింది, అధ్యక్షుడి కళ్ళను చూసింది, దారి మార్చుకుని తల గోక్కుంది. పిరికి చేతికి దురద ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

అధ్యక్షుడు నల్లబల్ల మీద 'ఏనుగు' అని రాసి, కింద రెండు గీతలు గీసి, చేతులు దులుపుకున్నాడు. "సరే, అయిపోయింది. టీ పెట్టమ్మా."

దర్జీ కదలలేదు.

"నిన్నేనమ్మా."

"పెట్టను బావగారూ."

అధ్యక్షుడు కండువా సవరించుకున్నాడు.

"ఓడినవాళ్ళు పెట్టాలని నియమం కదా."

"నియమం చేసినప్పుడు నేను తడిక వెనక ఉన్నాను."

అప్పుడు, ఆ విద్వచ్ఛిరోమణి, నలభై బ్యాచుల పిల్లలకు వ్యాసరచన నేర్పిన ఆ మహామహోపాధ్యాయుడు, సభ వంక చూసి, మీసం కింద ముసిముసిగా నవ్వి, తన వినాశానికి తానే శంఖం ఊదినట్టు పలికాడు:

"ఏంటమ్మా, అలకా?"

ఏజెంటు పకపకా నవ్వాడు. నవ్వు సగంలో ఆగింది. పక్కవాళ్ళెవరూ అందుకోలేదు. దర్జీ తన కట్ట విప్పి, ఆ పేజీ తీసి, ఒళ్ళో పెట్టుకుంది. చదవలేదు. చదవాల్సిన పని లేదు.

ఆ తరువాత మొదలైంది ముట్టడి. ఆహా, ఏమని వర్ణింతును? ఎండిన కంఠకుహరములతో, నాలుకలు అంగిట అతుక్కొనగా, తడిక వైపొకమారు, దర్జీ వైపొకమారు, గోడ గడియారం వైపొకమారు చూపులనే బాణాలు సంధించి, అవి గురితప్పి తమ మోకాళ్ళ మీదే రాలగా, లేచి నాలుగడుగులేసి స్టవ్వు వెలిగిద్దామన్న ఆలోచన అంతమంది ధీశాలుల్లో ఏ ఒక్కరి బుర్రకూ తట్టక, మండలి వీరులు దాహార్తి సముద్రంలో మునిగి తేలారు. గ్లాసులు ఎక్కడుంటాయో కూడా వాళ్ళకు తెలియదు. ఇన్నేళ్ళుగా అవి గాల్లోంచి చేతుల్లోకి వచ్చేవి.

"మా తమ్ముడితో చెప్పాల్సొస్తుంది," అన్నాడు అధ్యక్షుడు, చివరి అస్త్రంగా.

"చెప్పండి. ఆయన టీ ఆయనే పెట్టుకుంటాడు. మీకూ ఒకటి పోస్తాడు, అడిగితే."

"పెద్దవాణ్ణి, ఇంతమందిలో..."

"ఏనుగు పీట ఎక్కనంటే మీ కళ్ళు చెమర్చాయి. నేను కుర్చీ దిగనంటే మీ గొంతు ఎండింది. నేనేం గొప్పదాన్నని అనట్లేదు బావగారూ. ఏనుగుతో పాటు చూడమంటున్నా, అంతే."

బైండరు గొంతు సవరించుకున్నాడు. "అధ్యక్షా, ఇదే ఏనుగై ఉంటే మనం ఏమనేవాళ్ళం?"

బైండరు లేచి తడిక వైపు నడవబోయాడు.

"కూర్చో తమ్ముడూ," అంది దర్జీ. "ఏనుగు కోసం ఏడ్చింది నువ్వు కాదు."

అందరి చూపులూ ఒక్కచోట చేరాయి. అధ్యక్షుడు కండువా తీసి కుర్చీకి వేశాడు. అనంతర మహాప్రస్థానం వినండి. ఆ వాగ్ధాటీ ధురంధరుడు, దుర్గమ తడికారణ్యాన్ని భేదించి, అగ్గిపుల్లలతో ఘోరంగా పోరాడి, స్టవ్వుకు పంపు కొట్టాలన్న జ్ఞానం కలిగేలోపు కనుబొమల అంచులు మాడ్చుకుని, పాలలో నీళ్ళో నీళ్ళలో పాలో తెలియని స్థితిలో టీపొడిని గుప్పిట్లతో కుమ్మరించాడు. స్టవ్వు బుసలో ఇవతలి మాటలు ఆయనకు వినబడలేదు.

"ఏమంటున్నారు అక్కడ?" అని రెండుసార్లు కేకేశాడు.

"ఏం లేదు లెండి, మీరు కానివ్వండి," అన్నాడు ఏజెంటు.

దర్జీ అన్నీ విన్నది. ఆ మాటల్లో పెద్ద సరుకేమీ లేదని కూడా అప్పుడే తెలుసుకుంది. ఇన్నాళ్ళూ ఆమెకు వినబడకుండా పోయింది ఈ సొల్లే. అయినా కుర్చీలో కూర్చునే విన్నది, ఆఖరిదాకా.

టీ వచ్చింది. రంగు బురదది, రుచి కషాయానిది. మొదటి గ్లాసు ఆమెకే ఇచ్చాడు, సగం సాసర్లో ఒలికింది. ఒక గుక్క తాగింది.

"చక్కెర తక్కువైంది బావగారూ."

ఆయన ఒక్క క్షణం నిలబడ్డాడు. తరువాత మళ్ళీ తడిక వెనక్కి వెళ్ళి, చెంచాతో తిరిగి వచ్చాడు.

కాబట్టి దిక్కులారా, దిక్పాలకులారా, ఎదుటి మేడ మీది నీళ్ళట్యాంకా, చాటింపు వేయండి. ఊయలమ్మాయి ఓడింది. పురి విడిన తాడు ఆ నవలలో ఇంకా అలాగే వేలాడుతోంది, దాన్ని మార్చే దమ్ము ఆ రచయితకు లేదు. నల్లబల్ల మీది తీర్పు ఎవరూ చెరపలేదు, రెండు గీతలతో సహా ఉంది.

ఏనుగు గెలిచింది. టీ బావగారు పెట్టారు.