కాటా మాట కంప్యూటరు వినాలంటే

మనిషి కళ్ళతో చూసిన బరువు బరువు కాదనీ, తీగలో ప్రయాణించి కంప్యూటరుకు చేరిన బరువే బరువనీ మన వ్యవస్థ తేల్చి చాలాకాలమైంది. కళ్ళకు పక్షపాతం ఉంటుంది. తీగకు ఉండదు (తీగకు బంధువులు లేరు).

భీమవరం దగ్గరి ఒక ధాన్యం కొనుగోలు కేంద్రంలో ఈ సూత్రాన్ని నిష్ఠగా పాటిస్తున్నారు. అక్కడి కాటా ముసలిదే గాని మాట తప్పదు. ట్రాక్టరు ఎక్కగానే ఎర్రంకెల్లో బరువు చూపించి, సీరియల్ పోర్టు అనే పాతకాలపు ప్లగ్గు ద్వారా కంప్యూటరుకు పంపుతుంది. ఈ ఏడు సరిగ్గా దాళ్వా కోతల వేళకు పాత కంప్యూటరును తుక్కు కింద వేలం వేసి కొత్తది పెట్టారు. రెంటి మధ్యా మాట చేరవేసే ప్రోగ్రాం, అంటే డ్రైవరు, పాతదానితోపాటే పోయింది. కాటా చెబుతూనే ఉంది, కొత్త కంప్యూటరు దిక్కులు చూస్తోంది.

కొత్త డ్రైవరు రాయడానికి ప్రోగ్రాములు రాసే సారికను పిలిపించారు. కాటా చేసిన కంపెనీ ఏనాడో మూతపడింది. అందుకని ఆమె కాటా పక్కనే స్టూలు వేసుకుని, అది ఏ అక్షరం ఎప్పుడు పంపుతుందో, ఎక్కడ తడబడుతుందో ఓపిగ్గా కనిపెట్టి మరీ రాసింది. వరుసలో ముందున్న కౌలురైతు సంపూర్ణమ్మ ట్రాక్టరును, వెనకున్న ధాన్యం ట్రక్కుతో సహా ఎక్కించారు. కాటా మీద 7120 కిలోలు, కంప్యూటరులోనూ 7120. సారికకు గంతేయాలనిపించింది.

"ఇంక దించేసుకోండి బాబుగారూ, మబ్బేసింది. ఏడాది కష్టమంతా ఈ ట్రక్కులోనే ఉందండి," అంది సంపూర్ణమ్మ.

తూకాల అనుసంధాన విభాగం ఉపసంచాలకులు మురళీకృష్ణగారు చెయ్యెత్తి ఆపారు. "ఉండండమ్మా. కొత్త డ్రైవరు లెక్క పాత డ్రైవరు లెక్కతో సరిపోయిందో లేదో చూడొద్దూ?"

"పాతది లేదు కదండీ," అంది సారిక.

"లేదనే నేనూ పైకి రాశాను. పోల్చి చూశాకే ఆమోదించమన్నారు. ఎలాగూ మీకు చేతనైన పనే గదా, ఆ పాతది కూడా మీరే రాసేయండి."

"ఇప్పుడు రాస్తే పాతదెలా అవుతుందండి?"

"పాత తేదీ వెయ్యండమ్మా."

సారిక రాసింది. (కొత్తదాని తర్వాత పుట్టిన పాతది. ఆఫీసుల సీనియారిటీ జాబితాల్లో ఇంతకంటే వింతలున్నాయి.) రెండూ ఒకే బరువు చెప్పాయి. ఇంత బాగా సరిపోవడం అనుమానాస్పదమని విభాగం అభిప్రాయపడి, పరిశీలనకు ఒక సంఘాన్ని వేసింది. సంఘం వచ్చి అదే బరువును మళ్ళీ తూచాలి గనుక, సంపూర్ణమ్మ ట్రాక్టరును 'ప్రమాణ భారం'గా ప్రకటించి, కదపరాదన్నారు.

"ఆవిణ్ణి వదిలేయండి సార్. కావాలంటే మీ జీపు తూచుకోండి," అని సారిక బతిమాలింది.

"డీజిలు పోయిస్తే జీపు బరువు మారిపోదూ? ధాన్యం ఎక్కడికి పోతుందమ్మా!"

సంఘం కంటే వాన ముందొచ్చింది. గాలికి ట్రక్కు మీది బరకం లేచిపోతుంటే ఒక కొస సంపూర్ణమ్మ, ఒక కొస సారిక పట్టుకుని వేలాడారు. నిలవలేదు. అసలీ డ్రైవరు పనిచేయకపోయినా బాగుండేదనుకుంది సారిక. పనిచేయకపోతే, ఇక్కడ కొనేలా లేరని ఆ ట్రాక్టరు ఈపాటికి ఏ మిల్లు దగ్గరో ఉండేది. ఏడుపొచ్చింది ఆమెకు.

వానలు వెలిశాక సంఘం తీరిగ్గా వచ్చి తూచింది. 7310. పాత డ్రైవరూ కొత్త డ్రైవరూ ఏకకంఠంతో అదే చెప్పాయి. డ్రైవరులో నూటతొంభై కిలోల లోపముందని సంఘం తేల్చింది.

"ధాన్యం తడిసిందండీ!" అంది సారిక.

"వాన పడిందని మీ డ్రైవరు ఎక్కడైనా నమోదు చేసిందా?"

చేయలేదు.

సంపూర్ణమ్మ బస్తాలోంచి గుప్పెడు గింజలు తీసి చూపించింది. తెల్లగా మొలకలొచ్చాయి. "ఇవి కొంటారా బాబుగారూ?"

"మొలకొచ్చింది కదమ్మా. రూలు ఒప్పుకోదు."

"పోన్లెండి, ఇంటికి తోలుకుపోతాను. కోళ్ళకైనా వేసుకుంటాను."

మురళీకృష్ణగారు నిజంగానే నొచ్చుకున్నారు.

"అదెలా కుదురుతుందమ్మా? లోపం తేలేదాకా అది మా ప్రమాణ భారం. ఇక్కడే ఉండాలి. ఈసారైనా తడవకుండా చూసుకోండి."