తొమ్మిదిన్నర మంది విద్యార్థులు

"లైల్, ఈ భూమ్మీద నేరమనేది ఇంకా మిగిలి ఉందంటే కారణం ఒక్కటే. నేను ఒకేసారి రెండుచోట్ల ఉండలేకపోవడం," అన్నాడు ఆర్విల్ స్కోగ్మో, నా ఆఫీసు తలుపు తోసుకుని వస్తూ.

అతను ఒక్కచోట ఉంటేనే ఊరు తట్టుకోలేకపోతోంది. రెండోచోటు సంగతి నేను ఊహించదలచుకోలేదు.

ఉత్తర మిన్నెసోటాలో చక్కెర తీసే బీటు దుంపల పొలాల మధ్య ఉన్న మా ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఆర్విల్ ఏళ్ల తరబడి ఒకే పని చేశాడు. నిలిపిన కారు చక్రం మీద సుద్దముక్కతో గీత గీసి వెళ్లడం, కాసేపయ్యాక వచ్చి చూడడం, గీత అక్కడే ఉంటే కారు కదల్లేదని జరిమానా చీటీ అంటించడం. ఒక చలికాలం ఓ మంచుకుప్పకి కూడా చీటీ అంటించాడు. వసంతంలో మంచు కరిగాక చూస్తే దాని కింద కారు లేదు, సిమెంటు బల్ల ఉంది. ఆ బల్ల మీద కేసు ఇంకా మూసెయ్యలేదని అతని వాదన. రిటైరయ్యాక అదే సుద్దముక్క జేబులో వేసుకుని డిటెక్టివ్‌నని ప్రకటించుకున్నాడు. ఇప్పుడు గీతలు మనుషుల బూట్ల మీద గీస్తాడు.

"ఇవాళ పని ఉంది ఆర్విల్. రేపు రా," అన్నాను.

"నేరానికి రేపు లేదు," అని నా బల్లమీద కూర్చున్నాడు. కుర్చీలు అనుమానితుల కోసమట.

నిజంగానే పని ఉంది. ఎంతమంది దరఖాస్తు పెట్టారు, ఎంతమందికి సీటిచ్చాం, వాళ్లలో ఎంతమంది నిజంగా వచ్చి క్లాసులో కూర్చున్నారు అని లెక్కగట్టడం నా ఉద్యోగం. సీటిచ్చిన వాళ్లంతా వస్తారనుకోకూడదు. వేసవి సెలవుల్లో కొందరు పెళ్లిళ్లు చేసుకుంటారు, కొందరు సైన్యంలో చేరతారు, కొందరు చేపలు పట్టడానికి వెళ్లి చదువు సంగతే మరిచిపోతారు. అందుకని తరగతులు మొదలయ్యాక ఒక గణన రోజు పెడతారు. ఆ సాయంత్రం ఆఫీసు మూసేవేళకి ఎంతమంది ఉంటే ఏడాది పొడుగునా అంతమందే. ఆ తర్వాత దేవుడొచ్చి చేరతానన్నా లెక్కలోకి రాడు. ఆర్విల్ వచ్చి కూర్చుంది సరిగ్గా ఆ గణన రోజునే.

ఆర్విల్ చూపు నా కంప్యూటర్ మీద పడింది. ముక్కు తెరకి ఆనేదాకా వంగాడు.

"నార్వేజియన్ భాషాశాఖ. తొమ్మిదిన్నర మంది. ఇదేమిటి?"

"అక్కడ చదివేవాళ్ల సంఖ్య."

"తొమ్మిది మంది సరే. ఆ అర ఏమిటి?"

"సగం విద్యార్థి."

ఆర్విల్ లేచి తలుపు మూశాడు. కిటికీ తెర కూడా దించాడు. "మిగతా సగం ఎక్కడుంది?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఎక్కడా లేదయ్యా. పూర్తిగా చదివేవాడిని ఒకటి కింద రాస్తాం. సగం పాఠాలే తీసుకున్నవాడిని అర కింద రాస్తాం. డ్వేన్ లిండ్‌స్ట్రోమ్ లేడూ, పొలం పని చూసుకుంటూ వీలున్నప్పుడు క్లాసుకొస్తాడు. ఆ అర అతనే."

"అలా రాయమని నీకెవరు చెప్పారు?"

"రాష్ట్రం పెట్టిన పద్ధతి అది."

"చూశావా, హంతకుడి చేతులు ఎంత పైదాకా ఉన్నాయో," అన్నాడు ఆర్విల్.

నవ్వాల్సిందే, కానీ ఆ అర గురించి నేను నవ్వే స్థితిలో లేను. పదికి ఏమాత్రం తగ్గినా శాఖ మూసెయ్యాలని రాష్ట్రం వారి నిబంధన. శాఖ అంటే మారిట్ త్వైత్ ఒక్కతే. పాఠం చెప్పేదీ ఆవిడే, ప్రశ్నపత్రం తయారుచేసేదీ ఆవిడే, క్లాసు కిటికీ అద్దాలు తుడిచేదీ ఆవిడే. మూసేస్తే ఒరెగాన్‌లో ఉన్న అక్క దగ్గరికి వెళ్లిపోతానని నిన్న కాఫీ గదిలో కప్పు కడుగుతూ చెప్పింది. "అక్కడ వాన బాగా పడుతుందట," అని కూడా అంది. మా ఊళ్లో అంతకన్నా గట్టిగా ఎవరూ ఏడవరు.

"మీరే ఎవరినైనా చేరమని అడక్కపోయారా?" అన్నాను అప్పుడు ఆవిడతో.

"అబ్బే, జనాన్ని ఇబ్బంది పెట్టడం ఎందుకండీ."

నేను చేరడానికి లేదు. లెక్క కట్టేవాడు తనని తాను లెక్కలో వేసుకోకూడదు. ఆవిడంటే నాకు ఇష్టం. ఆవిడ పక్క గదిలో పాఠం చెబుతుంటే ఆ భాష ఒక్క ముక్క అర్థం కాకపోయినా పని ఆపి వింటాను. కానీ ఎప్పుడూ బయటపడలేదు. మా వైపు ఒక మర్యాద ఉంది. ఎవరేమిచ్చినా రెండుసార్లు వద్దనాలి, మూడోసారి కాదనకూడదు. మొదటిసారికే పుచ్చుకున్నవాడు ఆబగాడు, మూడోసారి కూడా వద్దన్నవాడు పొగరుబోతు. ఇక భోజనానికి రమ్మని ఆవిడని మూడుసార్లు అడిగితే వస్తుంది. కానీ వచ్చింది నా కోసమా, మర్యాద కోసమా అన్నది నాకు జన్మలో తెలియదు. ఆ భయంతో మొదటిసారి కూడా అడగలేదు.

"పద," అన్నాడు ఆర్విల్ సుద్దముక్క తీసి. "అర్ధమానవుడి ఆనవాళ్లు చల్లారకముందే వెళ్లాలి."

భోజనాల వేళ కావడంతో నేనూ బయల్దేరాను. అతన్ని ఒంటరిగా వదిలితే నాకు వచ్చే ఫోన్ల బాధ వేరే.

మొదట కాఫీ గదిలో దూరాడు. అక్కడ పళ్లెంలో మారిట్ చేసి తెచ్చిన రూబార్బ్ అనే పుల్లటి కాడల కేకు ఉంది. చివరి ముక్క తినెయ్యడం మా ఊళ్లో మహాపాపం, అందుకని వచ్చినవాళ్లంతా మిగిలినదాంట్లో సగం కోసుకుని సగం వదిలేస్తారు. పొద్దుటినుంచి అలా జరిగి జరిగి, ఆ ముక్క వేలిగోరంత మిగిలింది.

"సగం," అన్నాడు ఆర్విల్ భూతద్దం పెట్టి. "ఆ సగంలో సగం. లైల్, మనం వెతుకుతున్నవాడికి కోయడం అలవాటు."

అప్పుడే మారిట్ లోపలికొచ్చింది. "ఆర్విల్ గారూ, కాఫీ పొయ్యనా?"

"వద్దమ్మా. నిన్న రాత్రి ఎక్కడున్నారు?"

"ఇంట్లో. కొంచెం పొయ్యనా?"

"వద్దు వద్దు. సాక్షులున్నారా?"

"పిల్లి ఉందండీ. సగం కప్పు పొయ్యనా పోనీ?"

సగం అన్నమాట వినగానే ఆర్విల్ నావైపు అర్థవంతంగా చూశాడు. అయినా మూడోసారి కాబట్టి కప్పు పుచ్చుకున్నాడు. తాగుతూనే వంగి ఆవిడ బూటు మీద సుద్దతో గీత గీశాడు. ఆవిడ కాలు వెనక్కి తీసుకోలేదు. అలా తీసుకుంటే ఆయన నొచ్చుకుంటాడని.

"ఆయనకి పని దొరికింది, మంచిదే," అంది నాతో మెల్లగా. కళ్ల కింద నీడలున్నాయి, నిద్రపోయినట్టు లేదు. ఏదో ఒకటి చెప్పాలనుకున్నాను. కేకు అంత చెడ్డగా లేదని చెప్పాను. మా ఊళ్లో అది పెద్ద పొగడ్తే. అయినా ఆ సమయానికి అది చాలదని నాకే తెలిసింది.

అక్కణ్నుంచి డ్వేన్ లిండ్‌స్ట్రోమ్ ఇంటికి వెళ్లాం. ఇంట్లో ఎవరూ లేరు. గ్యారేజీకి తాళం లేదు, మా ఊళ్లో ఎవరూ వెయ్యరు. నేను వద్దంటున్నా వినకుండా ఆర్విల్ లోపలికి వెళ్లాడు. మూలన పెట్టెలాంటి పెద్ద ఫ్రీజరు ఉంది. మూత ఎత్తి లోపలికి చూశాడు, మూత వేశాడు, మళ్లీ ఎత్తాడు. అతని మొహం ఫ్రీజరు లోపలి మంచు రంగుకి తిరిగింది.

"దొరికాడు," అన్నాడు.

నేనూ చూశాను. ఫ్రీజరు నిండా తెల్లకాగితంలో చుట్టిన పొట్లాలు. ప్రతి పొట్లం మీదా నల్ల సిరాతో ఒకే మాట: లిండ్‌స్ట్రోమ్, సగం.

"ఆర్విల్, అది పంది. ఇక్కడ అందరూ కసాయి దగ్గర సగం పందో సగం ఆవో కొని దాచుకుంటారు. నీ ఇంట్లోనూ ఉంది."

"నా ఇంట్లో ఉన్నదాని మీద స్కోగ్మో అని ఉంటుంది. దీని మీద లిండ్‌స్ట్రోమ్ అని ఉంది. అర విద్యార్థి పేరు లిండ్‌స్ట్రోమ్ అని చెప్పింది ఎవరు? నువ్వే." గుండెమీద టోపీ పెట్టుకుని ఒక నిమిషం మౌనం పాటించాడు. "పాపం, సగం పాఠాలే నేర్చుకున్నాడు."

"ఎవరండీ పోయింది?" అని వెనకనుంచి వినిపించింది.

డ్వేన్ లిండ్‌స్ట్రోమ్ గుమ్మంలో నిలబడ్డాడు. నిండుగా, పొలం మట్టితో, ఆరడుగుల మీద కొంచెం. మా ఊళ్లో మన గ్యారేజీలో పరాయివాళ్లు దూరి ఫ్రీజరు తెరిస్తే ముందు పలకరించాలి. అతనూ టోపీ తీసి మాతోపాటు మౌనంగా నిలబడ్డాడు. ఎవరికోసమో మళ్లీ అడగడం బాగుండదనుకున్నట్టున్నాడు.

"ఇది ఏ సగం?" అని ఆర్విల్ నన్ను అడిగాడు గుసగుసగా.

"మొత్తం డ్వేన్."

ఆర్విల్ వంగి అతని రెండు బూట్లమీదా గీతలు గీశాడు. "ఏ సగం కదిలినా తెలిసిపోవాలి," అన్నాడు. వెళ్లేటప్పుడు డ్వేన్ సాసేజిల పొట్లం ఒకటి ఇచ్చాడు. ఆర్విల్ రెండుసార్లు వద్దన్నాడు. మూడోసారికి 'సాక్ష్యం' కింద స్వీకరించాడు.

కారెక్కుతుంటే డ్వేన్ నా కిటికీ దగ్గరికొచ్చాడు. "లైల్, టీచరుగారి సంగతి ఏమైంది? బీటు తవ్వకాలు మీదపడ్డాయి, లేకపోతే నేనే మిగతా పాఠాలూ తీసుకుందును. నావల్లే తక్కువైందని బాధగా ఉంది."

"నీవల్ల కాదులే," అన్నాను. కానీ అర ఎక్కణ్నుంచి తేవాలో నాకూ తెలియలేదు.

విశ్వవిద్యాలయానికి తిరిగొచ్చాక నేను నా లెక్కల్లో పడ్డాను. ఆర్విల్ మాత్రం ప్రవేశాల గదిలో ఉండే వెర్నా క్నాక్‌ని 'కఠినంగా ప్రశ్నించి' వస్తానని వెళ్లాడు. చాలాసేపటికి తిరిగొచ్చాడు. నీరసంగా ఉన్నాడు. ఈసారి నా బల్లమీద కాదు, కుర్చీలో కూర్చున్నాడు.

"ఓడిపోయాను లైల్. నా జీవితంలో మొదటిసారి."

"మంచుకుప్ప?"

"ఆ కేసు ఇంకా నడుస్తోంది. ఇందులో మాత్రం రెండో సగం దొరకలేదు. మారిట్ క్లాసులో మారువేషంలో కూర్చుని నిఘా వేద్దామనుకున్నాను. అదీ సరిగ్గా కుదరలేదు."

అప్పుడే మారిట్ వచ్చింది. బల్ల మీద క్లాసు తాళంచెవి పెట్టింది. "రేపు ఎవరో వచ్చి అడగడం, వాళ్లకి ఇబ్బంది. ఇప్పుడే ఇచ్చేస్తే పోతుంది కదండీ," అంది. నేను తాళంచెవిని ముట్టుకోలేదు.

ఆఫీసు మూసే గంట మోగబోతోంది. చివరిసారి లెక్క తిరగేశాను. నార్వేజియన్ భాషాశాఖ ఎదురుగా పది అని ఉంది.

కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. పదే.

కొత్తగా చేరిన అర విద్యార్థి పేరు చదివాను. తలెత్తి ఆర్విల్ వంక చూశాను.

"వెర్నా గదిలో ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు చెప్పు."

"క్లాసులో కూర్చోనిమ్మన్నాను. చేరినవాళ్లకే అంది. 'పోనీ చేరకూడదూ, మీ వయసువాళ్లకి ఫీజు నామమాత్రం' అంది. వద్దన్నాను. మళ్లీ అడిగింది. వద్దన్నాను. మళ్లీ అడిగింది. మూడోసారి ఎలా కాదంటాను? సరేనని ఒక పాఠానికి సంతకం పెట్టాను. అక్కడితో ఊరుకుందా, రెండోది కూడా తీసుకోమంది. వద్దన్నాను. మళ్లీ—"

"ఎన్ని పాఠాలకి పెట్టావయ్యా?"

"మొత్తం అంటగట్టేదే, సగంలో కాఫీ వేళయింది కాబట్టి బతికాను. ఎందుకు నవ్వుతున్నావు?"

"ఆర్విల్, నువ్వు వెతుకుతున్న రెండో సగం నువ్వే."

గంట మోగింది. నేను లెక్క ముగించే మీట నొక్కాను. ఇక దాన్ని దేవుడు కూడా మార్చలేడు.

ఆర్విల్ మెల్లగా వంగి తన బూటు మీద తనే సుద్దతో గీత గీసుకున్నాడు. "మొదటినుంచీ నా అనుమానం అదే," అన్నాడు లేస్తూ. "వాడు మన మధ్యే తిరుగుతున్నాడని. అయితే మారిట్ గారూ, మీరు నాకు రుణపడనక్కర్లేదు. ఇది నా వృత్తి."

"సోమవారం పొద్దున్నే క్లాసండీ," అంది మారిట్. "హోంవర్కు ఇస్తాను."

ఆర్విల్ మొహంలో డిటెక్టివ్ మాయమయ్యాడు.

ఆవిడ నవ్వుతూ తాళంచెవి తీసుకుంది. నవ్వుతోందనుకున్నాను గానీ, చూస్తే కళ్లనిండా నీళ్లు. ఎవరికీ ఇబ్బంది లేకుండా అటు తిరిగి కిటికీ అద్దం మీద లేని మరక తుడిచింది. ఒరెగాన్ వెళ్లిపోవాల్సిన మనిషి ఇక్కడే ఉంటోంది. ఏడాది అంతా పక్క గదిలో ఆ గొంతు వినిపిస్తుంది. అప్పుడు నాలో ఏ దెయ్యం దూరిందో తెలియదు.

"మారిట్ గారూ, ఇవాళ రాత్రి మా ఇంట్లో భోంచేస్తారా?" అన్నాను.

అడిగేసి లెక్క వేసుకున్నాను. ఆవిడ వద్దంటుంది. "ఏముంది, వంట ఎలాగూ చేస్తాను" అనాలి. మళ్లీ వద్దంటుంది. "కొంచెమే" అనాలి. రెండో మాటా మూడో మాటా నాలుక చివర సిద్ధంగా పెట్టుకున్నాను.

"సరే," అంది మారిట్.

దాచుకున్న రెండు మాటలూ ఏం చేసుకోవాలో తెలియలేదు.

"ఎన్నింటికి రమ్మంటావు, లైల్?" అంది, ఇటు తిరిగి.

ఆవిడ వెళ్లాక ఆర్విల్ తలుపు మూశాడు. కిటికీ తెర దించాడు.

"లైల్," అన్నాడు గొంతు తగ్గించి, "మొదటిసారికే ఒప్పుకుంది. ఇందులో ఏదో ఉంది."

"ఉంది," అన్నాను.